"బిడ్డా, నా ఆధారు గూడ అండ్లనే పోయిందా?"

పింఛన్ పని మీద మా ఆన్‌లైన్ సెంటర్‌కు వచ్చే ఒక పెద్దమ్మ అడిగిన మాట ఇది. నిరుడు దీపావళి అయిన ఐదో రోజు, కౌంటర్ పట్టుకుని నిలబడి అడిగింది. నాకు నోరు పెగల్లేదు. నిజంగానే పోయింది. ఆమెదే కాదు, మూడేళ్లుగా మా దగ్గర దరఖాస్తులు పెట్టుకున్న వందల మంది ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్కులు, పిల్లల మెమోలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, పట్టా పాస్‌బుక్కులు అన్నీ దొంగలు ఎత్తుకుపోయిన నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. "మళ్లీ అవసరం పడుతుంది కదా" అని ఒక్కటీ తీసేయలేదు నేను.

పండుగ రాత్రి షట్టర్ తాళాలు కోశారు. పటాకుల చప్పుడులో చుట్టుపక్కల ఎవరికీ వినపడలేదు. ల్యాప్‌టాప్, వేలిముద్రల మిషన్, గల్లాలో ఉన్న చిల్లర తీసుకుపోయారు. సీసీ కెమెరా ఉంది, కానీ దాని రికార్డింగ్ దాచే డీవీఆర్ బాక్సు ల్యాప్‌టాప్ పక్కనే పెట్టాను. అదీ పోయింది. నల్లగొండలో షాపులున్న వాళ్లందరికీ చెప్తున్నా, ఈ రోజే ఆ బాక్సును కౌంటర్ మీద నుంచి తీసి కంటికి కనపడని చోట తాళం వేసి పెట్టండి.

పోలీస్ స్టేషన్‌లో కానిస్టేబుల్ మొదట అడిగింది ఒక్కటే. "సీరియల్ నంబర్ ఉందా అన్నా?" లేదు. బిల్లు? ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. డబ్బా ఎప్పుడో పాత సామానోడికి వేశాం. నల్లది, 15 అంగుళాలది అని చెప్పాను. అట్లాంటివి ఈ ఊళ్లో ఎన్ని ఉంటాయి? రేపు ఎక్కడో దొరికినా అది నాదేనని నేను ఎట్లా చూపించాలి?

ఫోన్ పోతే సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబర్, అంటే ప్రతి ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబర్, పెట్టి బ్లాక్ చేయించుకోవచ్చు. 2023 నుంచి మన దగ్గర ఎన్నో ఫోన్లు అట్లా దొరికాయి. అదే అలవాటుతో ల్యాప్‌టాప్ కూడా దొరుకుతుందని జనం అనుకుంటున్నారు. సిమ్ పట్టని మామూలు ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఉండదు, ఆ పోర్టల్‌లో దానికి దారి లేదు. మన చేతిలో మిగిలేది అడుగున స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ నంబర్, బిల్లు. రెండింటినీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి వాట్సాప్ చేయండి. రెండు నిమిషాల పని. దొంగతనం జరిగితే ఎఫ్ఐఆర్ రాయించండి, కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి. ఇంట్లోంచి గానీ షాపులోంచి గానీ సామాను ఎత్తుకుపోతే భారతీయ న్యాయ సంహిత 305 సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. "పోయింది పోయింది, స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు" అనే మాట వింటే నాకు కోపం వస్తుంది.

ఇంతకంటే ఎక్కువ కోపం వచ్చే మాట ఇంకొకటి ఉంది. "పాస్‌వర్డ్ ఉంది కదా, భయమెందుకు?" నేనూ అదే నమ్మాను. ఒక రిపేర్ తమ్ముడు నా కళ్ల ముందే చూపించాడు. పాత ల్యాప్‌టాప్‌లోంచి డిస్క్ ఊడదీసి, కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కు తగిలించాడు. పాస్‌వర్డ్ అడగనే లేదు, ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

దీనికి మందు ఎన్‌క్రిప్షన్ ఒక్కటే, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు డిస్క్‌లోని ఫైళ్లను మార్చి పెట్టడం. విండోస్ ప్రోలో బిట్‌లాకర్ అని ఉంటుంది, విండోస్ హోమ్‌లో చాలా కొత్త ల్యాప్‌టాప్‌లకు డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, యాపిల్‌లో ఫైల్‌వాల్ట్. అది ఆన్‌లో ఉంటే డిస్క్ ఊడదీసినా లోపలివి చదవలేరు. బిట్‌లాకర్‌కు 48 అంకెల రికవరీ కీ వస్తుంది. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. అది పోగొట్టుకుంటే ఒక్కోసారి మన ఫైళ్లు మనకే దక్కవు, కాబట్టి బ్యాకప్ కూడా వేరే చోట ఉండాలి. విండోస్‌లో ఫైండ్ మై డివైస్ కూడా పెట్టుకోండి, కానీ ల్యాప్‌టాప్ ఆన్ అయ్యి నెట్ తగిలితేనే అది చూపిస్తుంది. దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

హైదరాబాద్‌లో చదివే పిల్లలకు ఒక మాట. ఎల్బీనగర్‌లో నల్లగొండ బస్సు రాగానే సీటు కోసం కిటికీలోంచి ల్యాప్‌టాప్ బ్యాగ్ లోపలికి వేస్తారు. నేను ఎన్నిసార్లు చూశానో. మీరు తోసుకుని ఎక్కేలోపు ఆ బ్యాగ్ ఎవరి చేతిలో ఉందో ఎవరు చూస్తారు? సీటుకు దస్తీ వేయండి. ల్యాప్‌టాప్ పైన ర్యాక్‌లో కాదు, ఒళ్లో పెట్టుకోండి. అమ్మానాన్నలు అప్పు చేసి కొనిచ్చిన వస్తువు అది.

మళ్లీ నా సంగతికి వస్తా. దొంగతనం అయిన నాలుగు రోజులు కస్టమర్లకు చెప్పలేదు. చెప్తే ఎవరూ రారేమోనని భయం. అది తప్పు. ల్యాప్‌టాప్ పోగొట్టుకోవడం కంటే పెద్ద తప్పు. ఆ నాలుగు రోజులు నా వాట్సాప్ కూడా దాంట్లో తెరిచే ఉంది. ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగౌట్ చేయాలన్న ఆలోచన కూడా రాలేదు, అంత టెన్షన్‌లో ఉన్నా. ఐదో రోజు నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోండి, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, డబ్బు పోయినట్టు అనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి అని చెప్పాను. కొందరు తిట్టారు. తిట్టే హక్కు వాళ్లకుంది.

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌కు ఎన్‌క్రిప్షన్ ఉంది, రాత్రి దాన్ని ఇంటికి తీసుకుపోతున్నా. పని అయిపోగానే కాగితాల స్కాన్లు తీసేస్తున్నా, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. పెద్దమ్మ మళ్లీ వస్తోంది. పని కాగానే లేవదు. "తీసేసినవా బిడ్డా? ఏదీ, సూపియ్యి" అంటుంది. స్క్రీన్ ఆమె వైపు తిప్పుతాను. ఖాళీ ఫోల్డర్ చూసుకున్నాకే మెట్లు దిగుతుంది.