నెక్స్ట్ నొక్కితే నిపుణులే

మన సర్కారు ఉద్యోగులకు పని రాదని ఎవరైనా నోరు జారితే ఇకమీదట నేనూరుకోను. సర్టిఫికెట్లు తీసి మొహాన కొడతాను. కేంద్రం 2020లో సర్కారు ఉద్యోగుల శిక్షణ కోసం మిషన్ కర్మయోగికి పచ్చజెండా ఊపాక ఆన్‌లైన్ శిక్షణ మన సిక్కోలులో నాగావళి కంటే నిండుగా పారుతోంది మరి. 'ఒత్తిడి లేకుండా పనిచేయడం ఎలా' అన్న కోర్సు సాయంత్రం అయిదులోగా ముగించనివారికి మెమో.

ఓ ఆఫీసులో ఆ యజ్ఞం కళ్లారా చూశాను. సోమవారం, జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ రోజు. టేబుల్ మీద టీ గ్లాసులకు ఆనించి వరసగా సెల్‌ఫోన్లు. అన్నింట్లోనూ ఒకే కోటు పెద్దమనిషి, ఒక్కో ఫోన్లో ఒక్కో వాక్యం దగ్గరున్నాడు. ఎదురుగా కుర్చీలు ఖాళీ. అటెండరు కొడుకు, ఇంటర్ కుర్రాడు, ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ నెక్స్ట్ నొక్కుతున్నాడు. క్విజ్ వస్తే కళ్లు మూసుకుని 'పైవన్నీ'. అందరూ పాస్! నాయకత్వ లక్షణాలు ఆ గదిలో ఎవరికైనా అబ్బాయంటే వాడికే. పింఛను పని మీద వచ్చిన ముసలాయన తొంగిచూసి, "ఏటి బాబూ, సినిమా ఇంకా అవ్వలేదేటి?" అన్నాడు. "ట్రైనింగ్ తాతా, రేపు రా" అని వాడే పంపేశాడు. ప్రజలతో మర్యాదగా మెలగడం అనే కోర్సు అప్పటికే పూర్తయింది లెండి. సాయంత్రం టెలికాన్ఫరెన్స్‌లో మండలానికి అభినందనలు.

సరే, ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అంగన్‌వాడీ టీచరు సంగతికి మాత్రం నాకు నవ్వు రాదు. 2021 నుంచి ఆవిడ పనంతా పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కాలి. 2025 జులై నుంచి గర్భిణికి, బాలింతకు ఇంటికిచ్చే సరుకు కూడా ఆ యాప్‌లో ముఖం సరిపోలితేనే. అంతకుముందు మనిషెవరో తేల్చే ఈకేవైసీ, దానికి ఆధార్‌కు ముడిపెట్టిన ఫోన్‌కొచ్చే ఓటీపీ. ఆ నంబరేమో తల్లిది కాదు, ఆమె మొగుడిది. మొగుడు గుజరాత్‌లోని వేరావల్‌లో ఇంకొకరి బోటెక్కి, అరేబియా సముద్రంలో వల లాగుతున్నాడు. ఎచ్చెర్ల తీరంలో ఇలాంటి ఇళ్లు కొత్తా? చంకలో బిడ్డతో ఆ తల్లి గుమ్మంలో నిలబడితే ఓటీపీ ఎలా తెప్పించాలో చెప్పే వీడియో ఏదయ్యా? చేప నోట్లో పెట్టి పంపిస్తాడా? పసిదాని తల్లికి దక్కాల్సిన గుడ్డు ఆపేసి, దానికి డిజిటల్ పనితీరని పేరు పెట్టడానికి సిగ్గుండక్కర్లా?

పోనీ జాలిపడి టీచరమ్మ గుడ్లిచ్చి పంపేస్తే, స్టాకులో తేడా. వెంటనే షోకాజ్ నోటీసు. దానికి జవాబెలా రాయాలో మాత్రం ఇంతవరకూ ఏ కోర్సూ రాలేదు.