పందెం హుస్సేన్‌సాగర్ ఒడ్డున, బరువు మూసీ దిగువన

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. సచివాలయం, లుంబినీ పార్కు పరిసరాల్లో దాదాపు 2.8 కిలోమీటర్ల రోడ్డును చుట్టూ కంచె కట్టి పందెపు దారిగా మార్చారు. 22 విద్యుత్ కార్లు పరుగెత్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జరగాల్సిన పోటీ రద్దయింది. అప్పటి నుంచి దాని మీద చర్చ అంతా డబ్బు చుట్టూ, అనుమతుల చుట్టూ, కేసుల చుట్టూ తిరిగింది. పర్యావరణం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, నాకు కనిపించినంతలో, పందేన్ని సమర్థించినవాళ్లూ తప్పుపట్టినవాళ్లూ ‘కరెంటు బండ్లే కదా, పొగ రాదు’ అన్న ఒక్క మాటతో దాన్ని దాటేశారు. మూసీ ఆయకట్టు కింద పెరిగిన నాకు ఆ మాట ఎన్నడూ సరిపోలేదు. బండి వెనక గొట్టంలోంచి పొగ వచ్చిందా లేదా అన్నది ఈ లెక్కలో చాలా చిన్న భాగం. అసలు బరువు పందెం జరిగే చోటికి పైన, కింద ఉన్న ఊళ్ల మీద పడుతుంది. హైదరాబాద్‌కు సంబంధించినంత వరకు ఆ ఊళ్లలో చాలా భాగం నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనే ఉన్నాయి.

ముందుగా పొగ సంగతే చూద్దాం. పెట్రోలుతో నడిచే ఫార్ములా-వన్ నిర్వాహకులు 2019లో తమ కర్బన ఉద్గారాల లెక్కను స్వయంగా ప్రకటించారు. 2018 సీజన్‌లో అవి 2,56,551 టన్నులు. అందులో పందెపు కార్ల ఇంజిన్ల వాటా 0.7 శాతం మాత్రమే. కార్లను, పరికరాలను ఒక దేశం నుంచి మరో దేశానికి విమానాల్లో, ఓడల్లో, లారీల్లో తరలించడానికి అయినది 45 శాతం. జట్ల సిబ్బంది, నిర్వాహకుల ప్రయాణాలది 27.7 శాతం. ఫ్యాక్టరీలది, కార్యాలయాలది 19.3 శాతం. చెవులు చిల్లులు పడేలా చప్పుడు చేసే ఇంజిన్ల ఉద్గారాలు, వాటిని మోసుకెళ్లిన విమానాల ఉద్గారాల పక్కన పెడితే కనిపించనంత చిన్నవన్నమాట. 2026 నుంచి ఆ కార్లు పూర్తిగా సుస్థిర ఇంధనంతో నడవాలన్న నిబంధన మంచిదే, కానీ అది ఆ 0.7 శాతాన్ని మాత్రమే తాకుతుంది.

ఈ లెక్కలో ప్రేక్షకుల ప్రయాణం చేరలేదన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. దాన్ని మన దూరాలతో కొలిచి చూడవచ్చు. 2025 దాకా ఉన్న నిబంధన ప్రకారం ఒక ఫార్ములా-వన్ కారు ఒక పందెంలో 110 కిలోలకు మించి ఇంధనం వాడకూడదు. 20 కార్లకు కలిపి 2,200 కిలోలు. కిలో పెట్రోలు మండితే సుమారు 3.1 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి పందెం మొత్తానికీ 7 టన్నులు దాటదు. ఇప్పుడు ఐపీఎల్ మ్యాచ్ చూడటానికి నల్లగొండ నుంచి ఉప్పల్‌కు కారులో వెళ్లివచ్చే కుటుంబాన్ని తీసుకుందాం. రానూపోనూ 200 కిలోమీటర్లు, 11 లీటర్ల పెట్రోలు, దాదాపు 25 కిలోల కార్బన్ డయాక్సైడ్. మహబూబ్‌నగర్ నుంచి వెళ్లినా లెక్క ఇంచుమించు ఇదే. అంటే ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఒక్క మ్యాచ్‌కు 280 కార్లు వెళితే, ఫార్ములా-వన్ పందెం ఒకటి జరిగినప్పుడు ఇంజిన్లు వదిలేంత కర్బనం గాలిలో కలిసినట్టే. ఉప్పల్ స్టేడియంలో 40 వేల మందికి కొంచెం తక్కువగా పడతారు. సెలవు రోజు మ్యాచ్ ఉంటే సాయంత్రం నాలుగు గంటల వేళ పంతంగి టోల్‌ప్లాజా దగ్గర నిలబడి చూసిన వారికి 280 కార్లు ఎంత చిన్న సంఖ్యో చెప్పనక్కర లేదు. క్రికెట్‌ను ఎవరూ కాలుష్యపు ఆట అనరు, కార్ల పందేన్ని అంటారు. ఈ కొలత వేసి చూస్తే ఆ తేడా అంతగా నిలబడదు. ఖతర్‌లో జరిగిన 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఫిఫా ముందుగా వేసిన అంచనా సుమారు 36 లక్షల టన్నులు కాగా, అందులో సగానికి పైగా ప్రయాణాలదే.

విద్యుత్ పందేనికీ ఇదే వర్తిస్తుంది, దానికి తోడు మరొక ప్రశ్న కూడా ఉంది. ఆ కరెంటు ఎక్కడ పుడుతుంది? ఫార్ములా-ఈ సాంకేతికత నిజంగా గొప్పది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. హైదరాబాద్‌లో పరుగెత్తిన మూడో తరం కార్లు పందెంలో వాడే శక్తిలో సుమారు 40 శాతాన్ని బ్రేకులు వేసినప్పుడు తిరిగి రాబట్టుకునేలా తయారయ్యాయి. ఇదే మెళకువ రేపు మన ఆటోల్లో, బస్సుల్లో చేరితే అందరికీ మేలు. కానీ రాష్ట్రంలో విద్యుత్ వాహనాలు పెరిగేకొద్దీ వాటికి కావలసిన కరెంటులో పెద్ద భాగం బొగ్గు నుంచే రావలసి ఉంది. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లతో, మొత్తం 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టింది రాష్ట్రంలో పెరిగే కరెంటు అవసరాల కోసమే. తొలిగా సిద్ధమైన యూనిట్‌ను 2024 డిసెంబర్‌లో ప్రారంభించారు. ఆ బూడిద పడేది కృష్ణా తీరపు ఊళ్ల మీద, హుస్సేన్‌సాగర్ మీద కాదు. పందెం జరిగిన రోజుల్లోనే ప్రభుత్వం విద్యుత్ వాహనాల తయారీకి ప్రత్యేక ప్రాంతాలను ప్రకటించింది. వాటిలో బ్యాటరీ సెల్‌ల తయారీకి ఎంచుకున్న చోటు మహబూబ్‌నగర్ పక్కనున్న దివిటిపల్లి. అదే ఏడాది మేలో అక్కడ లిథియం అయాన్ బ్యాటరీల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. పని కోసం పుణే, ముంబై బస్సులెక్కే పాలమూరు యువకులకు అది ఉపాధి, దాన్ని వద్దనే హక్కు ఎవరికీ లేదు. అయితే పందెం వల్ల వచ్చిన పెట్టుబడి అని దివిటిపల్లిని లాభాల పద్దులో రాసుకున్నవారు, అక్కడ వాడే రసాయనాలను, నీటిని, మిగిలే వ్యర్థాలను కూడా అదే పద్దులో రాయాలి.

ఇక టైర్లు. పొగ లేని బండి అయినా టైరు అరగకుండా నడవదు. బరువైన బ్యాటరీతో ఒక్కసారిగా వేగం అందుకునే బండికి అరుగుదల ఇంకా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. టైరు రబ్బరులో పగుళ్లు రాకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారుతోందనీ, వాన పడ్డాక రోడ్ల నుంచి వాగుల్లోకి కొట్టుకుపోయి కోహో అనే సాల్మన్ జాతి చేపలను చంపుతోందనీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర పరిశోధకులు 2020లో తేల్చారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్డు మీద రాలిన పొడి చెరువులోకి, చెరువు మిగులు నీరు నాలా ద్వారా మూసీలోకి, అక్కడి నుంచి పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాల్వల్లోకి, వలిగొండ మీదుగా సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టులోకి, చివరికి వాడపల్లి సంగమంలో కృష్ణలోకి చేరుతుంది. నిజాయితీగా చెప్పాలంటే రెండు రోజుల పందెం కలిపే పొడి, నగరంలో రోజూ తిరిగే లక్షల బండ్లు కలిపేదాని ముందు ఎంతో తక్కువ. మూసీ నురగకు పందెం కారణం కాదు. నేను అడిగేది ఒక్కటే. ఇంత ఖర్చుతో, ఇంతమంది నిపుణులతో జరిగిన ఉత్సవం ‘స్వచ్ఛం’ అన్న పేరు పెట్టుకున్నప్పుడు, ఆ రోడ్డు నుంచి నీరు ఎటు పోతుందో చూసి, పందెం ముగిసిన రాత్రే ఊడ్చి ఎత్తించి, ముందూ తరువాతా నీటి నమూనాలు తీసి ప్రకటించవలసిన బాధ్యత దానికి ఉండాలి కదా. మూసీ నీళ్లతో వరి పండించి, ఆ బియ్యాన్నే మళ్లీ నగరానికి పంపే రైతుకు ఆ మాత్రం సమాచారం దక్కాలి.

నీటి విషయంలో ప్రేక్షక క్రీడలకు ఒకసారి గట్టి పాఠమే అందింది. 2016 ఏప్రిల్‌లో కరువులో ఉన్న మహారాష్ట్రలోని లాతూర్‌కు రైళ్లలో తాగునీరు పంపుతున్న రోజుల్లో, ఐపీఎల్ మైదానాలకు 60 లక్షల లీటర్ల నీరు పోస్తారా అన్న ప్రశ్న బాంబే హైకోర్టు ముందుకు వచ్చింది. ఏప్రిల్ 30 తరువాతి మ్యాచ్‌లను మహారాష్ట్ర నుంచి తరలించాలని కోర్టు ఆదేశించింది, దానితో చాలా మ్యాచ్‌లు ఇతర రాష్ట్రాలకు వెళ్లాయి. ఆ నీళ్లతో లాతూర్ దాహం తీరేది కాదని అప్పట్లో కొందరు అన్నారు. నిజమే, తీరేది కాదు. కానీ కరువు కాలంలో ఏ అవసరం ముందు, ఏ వినోదం తరువాత అన్నది లీటర్లతోనే తేలే విషయం కాదు. హైదరాబాద్‌కు కృష్ణా నీరు మూడు దశల్లో, ఒక్కో దశలో రోజుకు 9 కోట్ల గ్యాలన్ల చొప్పున, అక్కంపల్లి జలాశయం నుంచి కోదండాపూర్‌లో శుద్ధి అయి వెళుతుంది. ఆ పైపులైన్ల మార్గానికి ఎంతో దూరం లేని మర్రిగూడ, మునుగోడు పల్లెలు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీటినే తాగాయి. మిషన్ భగీరథ వచ్చాక పరిస్థితి మారింది, కానీ వంగిపోయిన ఎముకలు తిరిగి నిటారు కాలేదు. అందుకే నగరంలో మైదానాలను తడిపే నీరు ఎక్కడిదన్న ప్రశ్న మాకు అల్పంగా తోచదు. 2024లో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు చిన్నస్వామి స్టేడియం శుద్ధి చేసిన మురుగునీటిని వాడుకుంది. అది ఎద్దడి నాటి ఏర్పాటుగా మిగిలిపోకుండా ప్రతి పచ్చిక మైదానానికీ రోజువారీ నియమం కావాలి. నగరంలో మురుగునీటికి కొదవ లేదు, దాన్ని మూసీ పొడవునా మేం చూస్తూనే ఉన్నాం.

భూమి సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్రేటర్ నోయిడాలో కట్టిన బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా-వన్ పందేలు 2011, 2012, 2013లలో మూడంటే మూడుసార్లు జరిగి ఆగిపోయాయి. మళ్లీ పదేళ్లకు, 2023లో, ఒక మోటోజీపీ (మోటార్‌సైకిళ్ల) పోటీ జరిగింది. సాగు భూములున్న చోట ఐదు కిలోమీటర్ల తారు చుట్టు ఒకసారి పడితే అది మళ్లీ చెలక కాదు. దక్షిణ తెలంగాణలో రీజనల్ రింగ్ రోడ్డు పేరుతో, కొత్త నగరాల పేరుతో భూములు చేతులు మారుతున్న ఈ సమయంలో ‘అంతర్జాతీయ ట్రాక్’ అన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆ అనుభవం గుర్తుండాలి. ఉన్న రోడ్డునే వాడుకున్న హైదరాబాద్ పందెం ఈ ఒక్క విషయంలో మెరుగైనదని ఒప్పుకోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 95 శాతం వేదికలు అంతకు ముందే ఉన్నవో, తాత్కాలికంగా కట్టినవో. మహాశివరాత్రికి మేళ్లచెరువులో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. వేల మంది వస్తారు, మైదానం చుట్టూ కట్టెలు పాతుతారు, జాతర అయ్యాక విప్పేస్తారు. అక్కడ మిగిలేది ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్ల చెత్త. అది పంచాయతీలు పూనుకుంటే తీరే సమస్య.

పరిహారంగా మొక్కలు నాటడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. 2023 ఐపీఎల్ ప్లేఆఫ్‌లలో పరుగు రాని ప్రతి బంతికీ 500 మొక్కలు నాటుతామని ప్రకటించారు. మంచి ఉద్దేశమే కావచ్చు. కానీ హరితహారం కింద రోడ్ల పక్కన నాటిన మొక్కలు ఏప్రిల్ ఎండకు ట్యాంకరు నీరు అందక ఎలా మాడిపోతాయో పాలమూరులో చూసినవాళ్లకు నాటిన సంఖ్య మీద నమ్మకం కుదరదు. మూడేళ్ల తరువాత ఎన్ని బతికి ఉన్నాయో చెప్పే లెక్క కావాలి. పైగా మొక్క నాటడం వల్ల ఆ రాత్రి రోడ్డెక్కిన కార్లు తగ్గవు.

తగ్గించగలిగినది ఆ కార్లనే. జర్మనీలో చాలా ఫుట్‌బాల్ క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజు బస్సుకు, రైలుకు కూడా టికెట్టు. నల్లగొండ నుంచి 50 మందితో నిండిన ఆర్టీసీ బస్సు వెళ్లివస్తే తలకు సుమారు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. అదే దారిలో కారులో నలుగురు వెళితే తలకు 6 కిలోలకు పైగా, ఒక్కరే వెళితే 25. మ్యాచ్ రోజుల్లో మెట్రో వేళలు అర్ధరాత్రి దాకా పొడిగిస్తున్నారు, స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉంది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ రైలు మార్గం 2023 నాటికి రెండు లైన్లతో, విద్యుదీకరణతో సిద్ధమైంది. లోటు తిరుగు ప్రయాణంలోనే ఉంది. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ పదకొండు దాటాక ముగుస్తుంది. ఆ వేళ నాగోలు నుంచి ఎల్బీ నగర్ చేరి, అక్కడ పిల్లలతో నిలబడి దూరపు బస్సుల్లో సీటు కోసం చేతులెత్తడం కంటే సొంత కారే నయమని ఎవరైనా అనుకుంటారు. అందుకే ఇలాంటి పోటీలకు అనుమతి ఇచ్చేటప్పుడే, నిర్వాహకుల ఖర్చుతో, ఆట ముగిసిన అరగంటకు ఎల్బీ నగర్ నుంచి నల్లగొండ, సూర్యాపేటలకూ, ఆరాంఘర్ నుంచి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్‌లకూ బస్సులు బయలుదేరాలన్న షరతు రాయాలి. ఆ సీటు మ్యాచ్ టికెట్ కొన్నప్పుడే దొరకాలి. ఎన్ని బస్సులు పట్టాయో, ఎందరు ఎక్కారో సీజన్ చివర ప్రకటించాలి.