ఎర్రగళ్ల తువ్వాలు గారికి

తువ్వాలు గారూ, ‘గారు’ అన్నానని ఉలిక్కిపడకండి, మొన్న షూటింగ్‌లో మిమ్మల్ని చూసి అందరూ ‘జాగ్రత్త జాగ్రత్త’ అన్నారు, నన్ను చూసి ‘అంకుల్ కొంచెం జరగండి’ అన్నారు, మనిద్దరిలో ఆర్టిస్టు ఎవరో నాకప్పుడే తెలిసిపోయింది.

ఒడిశా బోర్డర్లో ఉన్న మా పర్లాకిమిడి బజార్లో చెమట తుడుచుకోడానికి కొన్నాను మిమ్మల్ని. కొట్టాయన గాముచా అన్నాడు, నేను తువ్వాలు అన్నాను, బేరం దగ్గర మాత్రం ఇద్దరం ఒకే భాషలో అరుచుకున్నాం. మీ యోగం అక్కడితో ఆగలేదు. 2018లో విశాఖలో కంచరపాలెం జనాన్నే పెట్టి తీసిన సినిమా ఆడింది కదా, దాంతో కెమెరా కొన్న ప్రతి కుర్రాడూ నేచురల్ ఫేసులు కావాలంటూ పాతపట్నం దాటి బోర్డర్ ఇవతలికి వచ్చేస్తున్నాడు. ఇండిపెండెంట్ సినిమా సార్, బట్టలు మీవే తెచ్చుకోండి అంటాడు. రిమ్యునరేషనా, ఓటీటీకి అమ్ముడుపోయాక మాట్లాడుకుందాం అంటాడు. బస్సు చార్జీ మాత్రం ఇస్తారు, అబద్ధం ఆడకూడదు.

ఇప్పటికి ఆరు సినిమాలు. రెండిట్లో అమ్మాయి తండ్రిని, మూడిట్లో టీకొట్టు వాణ్ణి, ఒకదాంట్లో శవాన్ని. శవం సీన్లో నా మొహం మీద మిమ్మల్నే కప్పారు. క్లోజప్ మీకు పడింది.

మొన్నటిదయితే కథంతా ఒక్కరోజులో అయిపోతుంది, షూటింగేమో పదకొండు రోజులు. కంటిన్యుటీ అంట, ఉతకడానికి లేదు. అసిస్టెంట్ పిల్ల రోజూ పొద్దున్నే ఫోన్లో ఫోటో చూసి, మీరు నా ఎడం భుజం మీంచి ఎన్ని వేళ్లు కిందకి వేలాడాలో కొలిచి మరీ సర్దేది, నేను టిఫిన్ తిన్నానో లేదో ఎవరూ కొలవలేదు. ఆరో రోజుకే మీ వాసనకి హీరోయిన్ రెండడుగులు దూరం జరిగింది, డైరెక్టరేమో ఆ డిస్టెన్స్ చూసి ‘తండ్రీకూతుళ్ల మధ్య గ్యాప్ భలే కుదిరింది’ అని మురిసిపోయాడు. మీ మీద టీ ఒలికితే నా పని అయిపోయిందనుకున్నా, కాదట, అదీ నేచురలేనట, టీ ఒలికే సీను కొత్తగా కలిపారు, లెంగ్త్ ఎక్కువైందని నా డైలాగు తీసేశారు.

ఇంక ఆ సింక్ సౌండు, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసెయ్యడం. చొక్కా లోపల గుండె మీద చిన్న మైకు ప్లాస్టరేసి అంటించారు, మీరు కదిలితే చాలు బరబరా రాపిడి. సౌండు కుర్రాడు తువ్వాలు తీసెయ్యమంటాడు, డైరెక్టర్ కేరక్టరే అది తియ్యొద్దంటాడు. చివరికి ఇద్దరూ కలిసి తీసేసింది నా గొంతుని. హైదరాబాద్‌లో ఎవరిచేతో డబ్బింగ్ చెప్పించారు, ట్రైలర్లో నా నోరు తెరుచుకుంటే ఎవడో ప్రతి మాటకీ ‘ఏటి బావూ, ఏటి బావూ’ అంటున్నాడు, మా వీధిలో అన్నిసార్లు ఎవరూ అనగా నేను వినలేదు. అడిగితే, ‘అంకుల్, మీ మాటలో ఒడియా తగుల్తోంది, నేచురల్‌గా లేదు’ అన్నారు. ఒడియా వాళ్ల షార్ట్ ఫిల్ముకి వెళ్తే తెలుగు తగుల్తోందన్నారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, అంతకుముందు గిడుగు రామమూర్తి గారు ఇక్కడే పంతులుగా ఉండి, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోట్లాడారు. ఆయన ఇప్పుడుండి సినిమాలో పంతులు వేషం వేసుంటే ఆయనకీ డబ్బింగే.

మీకు మాత్రం డబ్బింగ్ లేదు చూడండి.

మా ఇంటావిడ మిమ్మల్ని మసిగుడ్డ చేస్తానని రెండుసార్లు లాక్కెళ్లింది, నేనే అడ్డుపడ్డాను, గుర్తుంచుకోండి. నిన్న ఇంకో డైరెక్టర్ ఫోన్ చేశాడు. ‘సార్, ఆ తువ్వాలు ఉందా ఇంకా?’ అన్నాడు, ఉందంటే ‘హమ్మయ్య’ అన్నాడు, ఆ తర్వాత నేను ఖాళీయేనా అని అడిగాడు. ఆదివారం పాతపట్నంలో షూటింగట. నన్ను గెడ్డం గియ్యొద్దన్నారు, మిమ్మల్ని ఉతకొద్దన్నారు.

ఇట్లు,
మీ ఎడం భుజం