ఏలికపాము ఏలినవారికి కుక్కపిల్లల తరఫున విన్నపం

మహారాజరాజశ్రీ ఏలికపాము గారి దివ్యసముఖమునకు,

ఏలిక అంటే ప్రభువు. మీకా పేరు ఎవరు పెట్టారోగానీ చూసి మరీ పెట్టారు. ఇంకా కళ్లు తెరవని కుక్కపిల్ల పొట్టలో తిష్ఠ వేసి, అది తాగే ప్రతి గుక్కలో ముందు తన వాటా పుచ్చుకునేవారిని ఏలికలనక ఏమంటాం? శాస్త్రంలో మీరు టాక్సోకారా కానిస్. పశువుల ఆసుపత్రిలో మాత్రం మిమ్మల్నీ, కొంకిపురుగునీ, బద్దెపురుగునీ ఒకే గాటన కట్టి ‘నట్టలు’ అనేస్తారు. మీ హోదాకు అది చిన్నతనమే.

వారసత్వంలో మీ ముందు మా నాయకులు దిగదుడుపు. వాళ్ల పిల్లలు పుట్టి పెరిగాకే టికెట్ అడుగుతారు. మీకు తల్లి గర్భంలోనే సీటు ఖాయం. ఆ తల్లికుక్క ఎప్పుడో మట్టిలో మూతి పెట్టినప్పుడు మింగిన గుడ్ల తాలూకు లార్వాలు (పిల్ల పురుగులు) దాని కండరాల్లో ముడుచుకుని అజ్ఞాతవాసం చేస్తుంటాయి. అది కడుపుతో ఉన్న సంగతి ఎవరు చేరవేస్తారోగానీ, సుమారు 42వ రోజుకు లేచి, మాయ (గర్భంలో తల్లినీ పిల్లనూ కలిపే పొర) దాటి, పిల్లల కాలేయంలోకి చేరిపోతాయి. మిగిలిపోయిన బలగం పాల వెంట వస్తుంది. ఈలోగా తల్లి మలం పరీక్ష చేయిస్తే ఒక్క గుడ్డూ కనబడదు. ‘మా దానికి పురుగుల్లేవండీ’ అని యజమాని కాగితం చూపిస్తాడు. అజ్ఞాతంలో ఉన్నవాళ్లు జనాభా లెక్కలకు దొరుకుతారా?

పిల్ల పుట్టాక మీ పాదయాత్ర. కాలేయం నుంచి ఊపిరితిత్తులకు, అక్కడినుంచి గాలిగొట్టం ఎక్కి గొంతు దాకా. పిల్ల దగ్గి, గుటక వేస్తుంది. తమరు దర్జాగా పేగులో దిగుతారు. ఇంట్లోవాళ్లు ఆ దగ్గు విని చలిగాలి తగిలిందని గోనెసంచి కప్పుతారు. మూడు వారాలు తిరిగేసరికి మీ ఆడవారు గుడ్లు పెట్టడం మొదలెడతారు, ఒక్కొక్కరు రోజుకు లక్ష దాకా.

ఇక ‘బొద్దుగా ఉంది, బాగా తాగుతోంది’ అని అందరూ మురిసే ఆ పొట్ట. పాలు తాగి నిండిన పొట్ట రెండు మూడు గంటల్లో దిగుతుంది. మీరు నింపిన పొట్ట దిగదు. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు పిల్లను చేతిలోకి తీసుకుని వీపు నిమిరితే వెన్నుపూసలు వేలికి తగులుతాయి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, బొచ్చుకు మెరుపుండదు. కింద మాత్రం కుండ. ఒకరోజు వాంతిలో తమరి దర్శనమవుతుంది: తెల్లగా, జానెడుకు కాస్త తక్కువగా, రెండు కొసలా సన్నబడి, ఉడికిన సేమ్యా చుట్టలా. కదులుతారు కాబట్టి సేమ్యా కాదని తెలుస్తుంది.

మీ రాజ్యం నిలబడింది మీ బలం మీద కాదు ప్రభూ, మా లెక్కల మీద. ‘నట్టల మందు ఒకసారి పట్టాం కదా’ అనే మాటే మీ కోటగోడ. పైరాంటెల్ లాంటి మందు ఆ రోజు పేగులో ఉన్నవారినే గెంటుతుంది. ఊపిరితిత్తుల్లో పాదయాత్రలో ఉన్నవారి జోలికి పోదు. వారం తిరక్కుండానే వాళ్లొచ్చి ఖాళీ సింహాసనంలో కూర్చుంటారు. అందుకే పిల్ల పుట్టిన రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు మందు పట్టాలి. ఆపైన ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి. జనవరి 14న, సంక్రాంతి సందట్లో పుట్టిన పిల్లలకైతే జనవరి 28, ఫిబ్రవరి 11, 25, మార్చి 11 (లీపు సంవత్సరమైతే 10). వీటిలో ఏ తేదీ తప్పినా గుడ్లు పెట్టే వయసొచ్చిన కొత్త తరం తయారు. తల్లికీ అవే రోజుల్లో పట్టాలి, ఎందుకంటే పిల్లల కింద శుభ్రం చేసేది దాని నాలుకే. జనం మాత్రం కుక్కపిల్లను కొనేటప్పుడు ‘45 రోజుల టీకా పడిందా’ అని అడిగి తృప్తి పడతారు. అప్పటికి మూడు మోతాదులు పడి ఉండాలని అడిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మోతాదులోనూ మీకు మేం చేసే సేవ తక్కువేం కాదు. మందు సీసా అడుగున చిక్కగా పేరుకుంటుంది. ఊపకుండా పట్టేస్తే మొదటి పిల్లకు రంగు నీళ్లు, ఆఖరి పిల్లకు ముద్ద. పిల్లలన్నిటికీ ‘చెంచాడు చెంచాడు’ అని పంచేవాళ్లు మీ ఆస్థాన వైద్యులు. ఒక్కో పిల్లను వంటింటి తూకం మీద, గిన్నెలో కూర్చోబెట్టి తూచాలి. సీసా మీద కిలోకు 1 మి.లీ. అని ఉంటే 640 గ్రాముల పిల్లకు 0.64. సీసా మారితే మందు గాఢత మారుతుంది, లెక్కా మారుతుంది. సూది తీసేసిన 1 మి.లీ. సిరంజి చెంప పక్కగా పెట్టి చుక్క చుక్కగా వదలాలి. తల వెనక్కి ఎత్తి గొంతులోకి చిమ్మితే మందు మీ పాత దారినే, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్ట కుండలా ఉండి, నీరసించి, వాంతులు చేసుకుంటున్న పిల్లకు మాత్రం ఇంట్లో మందు పట్టే సాహసం వద్దు. చచ్చిన మీరంతా ఒక్కసారి ఉండకట్టి పేగుకు అడ్డం పడగలరు. పోతూపోతూ కూడా పగ తీర్చుకునే వంశం.

మీ పక్షాన పనిచేసే ఇంటి వైద్యం గురించి రెండు ముక్కలు. వెల్లుల్లి నూరి పెట్టేవారున్నారు. మీకు జలుబైనా చేయదుగానీ, కుక్కకు ఎర్ర రక్తకణాలు విరుగుతాయి. ఫిబ్రవరి 10న బడుల్లో నులిపురుగుల దినానికి పంచే 400 మి.గ్రా. ఆల్బెండజోల్ మిగిలిందని కుక్కపిల్ల నోట్లో వేసేవారూ ఉన్నారు. అది మనిషి పిల్లల మోతాదు. కుక్కల్లో ఆ మందు ఎముక మూలుగను దెబ్బతీయగలదు. ‘బెల్లం తింటే పురుగులొస్తాయి’ అని బెల్లాన్ని తిట్టేవారి గురించి మీరే నవ్వుకుంటూ ఉండి ఉంటారు.

అన్నిటికన్నా మీ అసలు రాజధాని కడుపు కాదు, ఇల్లు కట్టే చోట రోడ్డు మీద పోసిన ఇసుక కుప్ప. పొద్దున కుక్కలు దాని మీద పని కానిస్తాయి, సాయంత్రం పిల్లలు గుడులు కడతారు. అప్పుడే పడిన మలంలోని గుడ్డు ఎవరినీ ఏమీ చేయదు. వేడీ తడీ కుదిరి ఒకటి నుంచి నాలుగు వారాలు గడిస్తేనే దానికి అధికారం వస్తుంది, తర్వాత ఏళ్ల తరబడి దిగిపోదు. కాబట్టి ఏ రోజుది ఆ రోజే ఎత్తి పారేస్తే మీ పట్టాభిషేకం ఆగిపోయినట్టే. జనం దాన్నలా ఉంచి పైన ఫినాయిల్ చల్లుతారు. ఆ గుడ్డు పెంకుకు ఫినాయిల్ పన్నీరు. సిమెంటు గచ్చు మీద సలసల కాగే నీళ్లు పోస్తే తప్ప లొంగదు. ఇసుకకైతే రాత్రిపూట పట్టా కప్పడమే. ఆ గుడ్డు పిల్లవాడి నోట్లోకి పోతే తమరు పెద్దవారు కాలేరు, కుక్క కడుపు కాదు కనుక. దారి తప్పిన లార్వాలా కాలేయంలోనో, కర్మ కాలితే కంట్లోనో తిరుగుతారు. కన్ను పోయాక గానీ కారణం తెలియని సందర్భాలున్నాయి. ఈ ఒక్కచోట వెటకారం రావడం లేదు, క్షమించాలి.

ఇట్లు
తమరి పాలనలో పాలకు నోచుకోని పిల్లలు

తా.క.: ఈ రోజుతో పద్నాలుగు రోజులు నిండాయి. తూకం అయింది, ఆరు పిల్లల బరువులూ కేలండర్ వెనక రాశారు. సీసా ఊపుతున్న చప్పుడు తమరికి వినిపిస్తూ ఉండాలి.