ప్రభువు ప్రార్థనకు అత్యవసర సవరణలు

ప్రార్థన ఎలా చేయాలో నేర్పమని శిష్యులు అడిగితే యేసు నేర్పించిన పద్ధతి హైదరాబాద్‌లో పనిచేయదు. సవరించక తప్పదు.

పెద్ద లోపం నిడివి. బైబిల్లో మత్తయి సువార్త 6వ అధ్యాయంలో 9 నుంచి 13 దాకా అయిదే వచనాలు. నిదానంగా చెప్పినా నిమిషం పట్టదు. లూకా సువార్త 11లో ఇంకా కురచ. ఆ కాస్త సమయంలో కీబోర్డు తమ్ముడికి శ్రుతి కూడా దొరకదు. కాబట్టి రెండు మాటలకో 'ప్రభువా', మూడు మాటలకో 'స్తోత్రం' చేర్చుకుంటూ సాగదీయాలి. అన్యజనులలాగా వ్యర్థమైన మాటలు వద్దని అదే మత్తయి 6లో 7వ వచనం అంటోంది. అనుకోనివ్వండి, మనం అన్యజనులం కాదు కదా.

తర్వాత శబ్దం. కర్మెలు కొండమీద బయలు అనే దేవతను కొలిచే 450 మంది ప్రవక్తలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాటేదాకా అరిచినా జవాబు లేదు. యెహోవా ప్రవక్త ఏలీయా రెండే వచనాలు పలికితే అగ్ని దిగింది. దీన్నిబట్టి తేలేదేమంటే, బయలు ప్రవక్తలకు మైకు లేదు. మనకుంది. ఎకో పెంచి, బాక్సు మొహం పక్క అపార్ట్‌మెంటు వైపు తిప్పాలి. మౌనంగా చేస్తే ఏమవుతుందో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నాను చూడండి: పెదవులు కదిలాయి, స్వరం వినబడలేదు, యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. (ఆ ప్రార్థనకే సమూయేలు పుట్టాడు. అది వేరే సంగతి.)

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్న యేసు సలహా మరీ అన్యాయం. అలాగైతే వాట్సాప్ స్టేటస్‌కు వీడియో ఎవరు తీస్తారు?

వరుస కూడా తలకిందులే. మొదటి మూడు మనవులూ తండ్రి నామం, రాజ్యం, చిత్తం గురించి. మన అవసరం నాలుగోది, అదీ 'నేడు' తినే తిండి మటుకే! కొంపల్లిలో ప్లాటు, అబ్బాయికి వీసా, అమ్మాయికి ప్యాకేజీ ఇవన్నీ నాలుగో మనవిలో ఇరికించాలి. 'నీ చిత్తము' అన్న ముక్కను మాత్రం వీసా ఇంటర్వ్యూ ముందురోజు వాడకూడదు. పట్టుబడబోయే రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఆ మాట అన్నాక ఏమైందో తెలుసుగా.

అన్నిటికంటే ప్రమాదం ఋణాల వాక్యం, అంటే తప్పుల క్షమాపణ అడిగే ముక్క. మేము క్షమించిన ప్రకారమే మమ్మల్ని క్షమించమని మన నోటితోనే రాసిచ్చేస్తున్నాం. మొత్తం ప్రార్థనలో యేసు మళ్లీ వెనక్కి వచ్చి 14, 15 వచనాల్లో వివరించింది ఇదొక్కటే: మీరు క్షమించకపోతే తండ్రీ క్షమించడు. తమ్ముడి మీద స్థలం కేసు నడుస్తున్నవాళ్లు ఇక్కడికొచ్చేసరికి దగ్గాలి. దగ్గు రాకపోతే పక్కవాళ్ల గొంతు మీద వదిలేసి పెదవులాడించాలి.

చివరగా ప్రార్థన అంశాలు. మీరు అడగకముందే మీ అక్కర తండ్రికి తెలుసునని 8వ వచనం. కనుక ఫలానా సిస్టర్ కూతురు ఎవరితో తిరుగుతోందో, ఫలానా బ్రదర్ చిట్టీ డబ్బు ఎక్కడ పోగొట్టాడో ఆయనకు చెప్పనక్కర్లేదు. చాప మీద కూర్చున్న మిగతావాళ్లకు తెలియదు గనుక వివరంగా, పేర్లతో సహా, కళ్లు మూసుకుని చెప్పాలి.