కానీ అన్న రెండక్షరాలు

ఊళ్లో పోలీసు గొడవ మీద దేశాధినేత నోరు విప్పడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని 2009 జూలై 22 రాత్రి ఒబామా ఒకే ఒక్క జవాబులో మొత్తం చూపించేశారు.

ముందు సరుకులు. చైనా నుంచి అప్పుడే ఇల్లు చేరిన నల్లజాతి హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్. బిగుసుకుపోయిన వీధి తలుపు. డ్రైవరుతో కలిసి దాన్ని తోస్తుంటే పోలీసుల అత్యవసర నంబరు 911కి వెళ్లిన ఫోను. ఒక తెల్ల సార్జెంటు. జాతిని బట్టి అనుమానించకూడదని పోలీసు అకాడమీలో పాఠం చెప్పే మాస్టారు కూడా ఈయనే. ఇల్లు ప్రొఫెసర్‌దేనని తేలాక, ఆ ఇంటి వరండాలోనే బేడీలు పడ్డాయి. అభియోగం శాంతిభంగం. 16న అరెస్టు, 21న కేసు ఉపసంహరణ. పొయ్యి ఆరింది. నాయకుడు ఊదుగొట్టం పట్టుకుని దిగాల్సిన ముహూర్తం ఆ మర్నాడే.

ఆ రాత్రి విలేకరుల సమావేశం పెట్టింది ఆరోగ్య బీమా గురించి. చివరి ప్రశ్న గేట్స్ గురించి. జవాబు కూర్పు గమనించండి: ఆయన నా స్నేహితుడు, కాస్త మొగ్గు ఉండొచ్చు, వివరాలన్నీ తెలియవు, నేనక్కడ లేను. ఇక్కడ ఆగితే రాజనీతి. ఆగకుండా ‘కానీ’ వేసి, హార్వర్డ్ ఉన్న ఊరు కేంబ్రిడ్జ్ పోలీసులు తెలివితక్కువగా ప్రవర్తించారన్నారు. నల్లవాళ్లనూ లాటినోలనూ లెక్కకు మించి ఆపడం ఈ దేశంలో పాత కథేనని కూడా అన్నారు. అసలు చెప్పాల్సింది అదే. అప్పటికే విలేకరులకు శీర్షిక దొరికిపోయింది. అంతసేపు చెప్పిన బీమా గంగలో కలిసింది.

మరమ్మతు రెండు రోజుల్లో జరగాలి. 24న ఆయనే వచ్చి, మాటల తూకం మరోలా ఉండాల్సిందన్నారు. క్షమించండి అంటే తప్పు మనిషిది. తూకం అంటే తక్కెడది.

కలిసి బీరు తాగుదామన్న ఆలోచన ఒబామాతో ఫోనులో సార్జెంటు ఇచ్చిందే. 30న వైట్‌హౌస్ తోటలో బల్ల వేశారు. ఒబామాకు బడ్ లైట్, గేట్స్‌కు శామ్ ఆడమ్స్ లైట్, సార్జెంటుకు బ్లూ మూన్. నల్లవాళ్లు ఇద్దరు, తెల్లవాడు ఒక్కడు; లెక్క సరిపెట్టడానికి అప్పటి ఉపాధ్యక్షుడు బైడెన్ వచ్చి మత్తులేని బక్లర్ పట్టుకుని కూర్చున్నారు. అంత జాగ్రత్తపడ్డా, బడ్ లైట్ కంపెనీ అంతకు ముందు ఏడాదే బెల్జియం వాళ్ల చేతికి పోయిందనీ, అమెరికా బీరు పోయకపోవడమేమిటనీ కొత్త పేచీ మొదలైంది.