ఘటోత్కచుడు ఏ స్పీకర్‌లో నవ్వాలి?

రాజధాని, వరదలు, బెంజి సర్కిల్ ట్రాఫిక్ లాంటి చిల్లర విషయాల మీద రాసేవాళ్లకు కొదవలేదు. ఘటోత్కచుడు ఏ స్పీకర్‌లో నవ్వాలన్న అసలు సమస్యను మాత్రం బెజవాడలో పట్టించుకునే నాథుడే లేడు.

1957లో మాయాబజార్ వచ్చినప్పుడు శబ్దమంతా ఒక్కటే ట్రాకు. పాటా పద్యమూ గదాయుద్ధమూ అన్నీ తెర వెనక నుంచే వచ్చేవి. 2010లో అదే సినిమా రంగులు పూసుకుని, చుట్టూ ఉన్న స్పీకర్లలోంచి వచ్చే డీటీఎస్ శబ్దంతో మళ్లీ దిగింది. ఈ రెంటి మధ్యకాలంలో టేపులు, వీసీడీలు, డీవీడీలు వచ్చి, పాత సినిమాలు ఒక్కోదాంట్లో ఒక్కో గొంతుతో మాట్లాడాయి. సరిగ్గా అక్కడే మా బాబాయి చేజారిపోయాడు.

సత్యనారాయణపురంలో ఆయన హాలు చూసి తీరాలి. వెనక స్పీకర్లలో ఒకటి బీరువా మీద, రెండోది దేవుడి అర పక్కన. నడిమధ్య ప్లాస్టిక్ కుర్చీ. దాని కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీతలు. అవి తుడిచిపెట్టిన రోజు పనిమనిషికి గండమే. రోహిణి కార్తె మధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఒరే, పాట వెనక సన్నగా సుయ్‌మంటోంది, విన్నావా?"

"పాట బాగుంది బాబాయ్."

"పాట సంగతి ఎవడడిగాడ్రా!"

ఆయనది పూర్తిగా పిచ్చి అని కొట్టిపారేద్దామంటే అదీ కుదరదు. ఆ సుయ్‌ను శుభ్రం చేయబోయి, తంబుర జీరనూ గాయకుడి ఊపిరినీ కూడా ఊడ్చేసిన డిస్కులున్నాయి. ఇక ఒకే ట్రాకులో కలిసిపోయిన గొంతునీ వీణనీ విడదీయడమంటే పప్పుచారులోంచి కందిపప్పు ఏరడమే. అంత ఓపిక లేనివాళ్లు అదే శబ్దానికి కాస్త ప్రతిధ్వని కలిపి వెనక స్పీకర్లలోకి తోసేస్తారు. ముందు నారదుడు నారాయణ అనగానే బీరువా మీద నుంచి ఇంకో నారదుడు వంత పాడతాడు. అట్ట మీద మాత్రం 'డిజిటల్ సౌండ్' అని బంగారు అక్షరాలు. వీసీడీలో ఉన్నదీ డిజిటలే కదా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

టేపులది మరో ఘోరం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీల పద్ధతైన పాల్ (PAL) వీడియోకి 25 కావాలి. ఆ ఒక్కటి సర్దడానికి రీలును 4 శాతం తొందరగా తిప్పేశారనుకోండి, మూడు గంటల సినిమా 7 నిమిషాలు ముందే అయిపోతుంది. శ్రుతి కూడా ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతులకు పైగా ఎగబాకుతుంది. అలాంటి క్యాసెట్ విని ఘంటసాల పాటలు నేర్చుకున్నవాణ్ణి బాబాయి తన కూతురి పెళ్లి కచేరీలో మైకు దరిదాపులకు రానివ్వలేదు. అబ్బాయి పాడింది మాత్రం ఎప్పుడూ హార్మోనియం శ్రుతిలోనే.

నా డిమాండు చిన్నది. డీవీడీలో 8 ఆడియో ట్రాకుల దాకా పెట్టుకోవచ్చు. అసలు మోనో, అంటే పాత ఒంటి ట్రాకు శబ్దం ఒకటి, ఆరు స్పీకర్ల హంగామా ఒకటి పెట్టి, ఏది ఏదో అట్ట మీద నిజం రాయండి. మూడోదాంట్లో బాబాయి వ్యాఖ్యానం వేసుకోండి, ఎలాగూ ఆపడు. నాలుగోది పిన్నికి ఇచ్చి తీరాలి. వంటింట్లోంచి "ఏమండీ, ఆ ఫ్యానేసి చావండి" అని ఆవిడ ఇన్నాళ్లుగా అంటున్న మాట ఇంతవరకు ఏ మిక్సులోనూ వినబడలేదు.